నానోట్యూబుల భౌతిక తనిఖీ

మా సంస్థలో ఏ వస్తువైనా ఉన్నదని చెప్పడానికి రెండు షరతులుండేవి. ఒకటి, ఆ వస్తువు ఉండాలి. రెండు, దాన్ని పేరి దక్షిణామూర్తి గారు చూసి ఉండాలి. మొదటి షరతుకి అప్పుడప్పుడూ మినహాయింపు దొరికేది. రెండోదానికి దొరికేది కాదు.

సంస్థ పేరు తేలిక పదార్థాల పరిశోధనా కేంద్రం. అనకాపల్లి దాటి నర్సీపట్నం వైపు వెళ్తుంటే జీడితోటల మధ్య పసుపు రంగు మేడ ఒకటి కనబడుతుంది, అదే. బరువు తక్కువగానూ బలం ఎక్కువగానూ ఉండే పదార్థాలు కనిపెట్టడం దాని పని. నేనక్కడ అనువాదకుణ్ణి. పైనుంచి ఇంగ్లీషులో వచ్చే ఉత్తర్వులను ఎవరికీ అర్థం కాని తెలుగులోకి మార్చి నోటీసు బోర్డుకి అంటించేవాణ్ణి. సమావేశాల్లో జరిగింది తెలుగులో రాసిపెట్టే పని కూడా నాదే కాబట్టి ప్రతి కమిటీలోనూ నాకొక కుర్చీ ఉండేది. ఇప్పుడు చెప్పేదంతా ఆ కుర్చీలోంచి చూసిందే.

దక్షిణామూర్తి గారు స్టోర్సు అధికారి. సన్నగా, నిటారుగా ఉండేవారు. చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, ఎంత ఉక్కపోసినా మడిచేవారు కాదు. లంచం మాట ఆయన ముందు ఎత్తడానికి కూడా ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. చెడ్డమనిషి అనడానికి ఒక్క ఆధారం కూడా లేకపోవడమే ఆయనతో వచ్చిన చిక్కు. కాంటీన్లో టీ తాగినా కప్పు ఖాళీ అయ్యాక తిరగేసి, అడుగున సంస్థ గుర్తు ఉందో లేదో చూసి గాని లేచేవారు కాదు.

ఆయనకు ఎదురుపడవలసి వచ్చిన మనిషి డాక్టర్ బొడ్డేపల్లి ఇందుమతి. టెక్కలి దగ్గర పల్లెటూరు ఆవిడది. నలభై దాటిన మనిషి, పగలంతా ప్రయోగశాలలోనే గడిపేది. ముక్కు మీదో చెంప మీదో మసి లేకుండా ఆవిణ్ణి నేను చూసిన రోజు లేదు. ఆవిడ తలపెట్టింది ఒక స్ట్రెచరు.

పాడేరు కొండల్లో జీలుగుబంద అనే చిన్న ఊరుంది. అక్కణ్ణించి రోడ్డు మీదికి రావాలంటే రెండు వాగులు దాటి, రాళ్ళ మీదుగా దిగాలి. నొప్పులొచ్చిన ఆడవాళ్ళనైనా, జ్వరం పడ్డవాళ్ళనైనా కర్రకు దుప్పటి కట్టి, ఆ డోలీలో మోసుకొస్తారు. ఆ ఊళ్ళో ఆశా కార్యకర్తగా ఉన్న వంతాల రాజులమ్మ ఒకసారి మా సంస్థ ప్రదర్శనకి వచ్చి, ఒక నల్లటి పలకని ఒంటి వేలితో పైకెత్తి, "ఒలమ్మా, ఇంత తేలిగ్గా ఉందేటి! దీంతో మా ఊరికి డోలీ సేసియ్యరాదా?" అని అడిగింది. ప్రదర్శన చూసి వెళ్ళినవాళ్ళలో ఏదైనా అడిగింది ఆమె ఒక్కతే. ఇందుమతి ఆ రోజే పని మొదలుపెట్టింది.

కార్బన్ ఫైబర్ అంటే నల్లటి నారతో నేసిన గుడ్డ. దాన్ని పొరలు పొరలుగా పేర్చి, నడుమ రెసిన్ అనే జిగురు పట్టించి, వేడి పెట్టెలో ఉడికిస్తే ఉక్కుతో పోటీపడే పలక తయారవుతుంది. దాని బలమంతా పొర వెంబడే. పొరకీ పొరకీ మధ్య పట్టుకునేది ఒక్క జిగురే. మొదట చేసిన స్ట్రెచర్ని రాజులమ్మా, ఊరి మగవాళ్ళూ బియ్యం బస్తా వేసుకుని మోసి చూశారు. రెండో వాగు దగ్గర అది ఒక రాయికి తగిలింది. తగిలిన చోట పొరలన్నీ మడత కాజాలాగ విచ్చుకున్నాయి. బస్తా వాగులో పడింది.

"బస్తా కాబట్టి సరిపోయింది. అందులో మడిసుంటే ఏటయ్యుండేదమ్మా?" అంది రాజులమ్మ, విరిగిన స్ట్రెచర్ని ఇందుమతి బల్ల మీద పెట్టి.

ఇందుమతి దానికి విరుగుడు వెతికింది. కార్బన్‌తోనే అతి సన్నని గొట్టాలుంటాయి, వాటిని నానోట్యూబులంటారు. తల వెంట్రుకను నిలువునా కోటి పాయలుగా చీల్చితే, అందులో ఒక పాయంత సన్నం. వాటిని చిటికెడు పొరల మధ్య చల్లితే అవి పై పొరలోకీ కింది పొరలోకీ గుచ్చుకుని, రెండింటికీ కుట్టు వేసినట్టు పట్టుకుంటాయి. ఆవిడ చిన్న సీసాడు తెప్పించింది. సగం సీసా వాడి కొత్త స్ట్రెచరు చేసింది. దాన్ని రాళ్ళ మీద వేసింది, మేడ మీంచి పడేసింది, చివరికి దారినపోయే జీపు చేత తొక్కించింది. ఒక్క పొర కూడా లేవలేదు.

రాజులమ్మకి ఫోన్ చేసి "వచ్చి పట్టుకెళ్ళండి" అని చెప్పింది. సరిగ్గా ఆ వారమే వార్షిక భౌతిక తనిఖీ మొదలైంది.

*

తనిఖీ కమిటీలో దక్షిణామూర్తి గారు అధ్యక్షులు. మా డైరెక్టర్ డాక్టర్ జామి విశ్వంభరరావు గారు పదవి రీత్యా సభ్యులు. నేను రాసేవాణ్ణి. ముగ్గురం ప్రయోగశాలలో అడుగుపెట్టాం.

"డాక్టరమ్మగారూ," అన్నారు దక్షిణామూర్తి గారు. ఆయన మాట్లాడినా రాసినట్టే ఉండేది. "తమరి అధీనంలో ఉన్న ట్యూబులను తనిఖీ నిమిత్తం సమర్పించవలసిందిగా కోరడమైనది."

ఇందుమతి గాజు తలుపు వెనక నుంచి చిన్న సీసా తీసి చూపించింది. అందులో సగం వరకూ నల్లటి పొడి ఉంది.

"ఇది మసి," అన్నారాయన.

"కాదండీ, ఇవే నానోట్యూబులు."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేమండీ. గ్రాముల్లో కొంటాం."

దక్షిణామూర్తి గారు డైరెక్టర్ గారి వైపు తిరిగారు. "తమరు గమనించవలసిందిగా కోరతాను. ట్యూబులను తూకానికి కొనుట పాత సామాన్ల దుకాణంలో ఉన్నదేమో గాని, ప్రభుత్వ సంస్థలో లేదు. నియమావళి ప్రకారం ట్యూబు అనునది సంఖ్యలో ఉండవలెను."

"చాలా మౌలికమైన పాయింటు," అన్నారు డైరెక్టర్ గారు. ఆయనకి అన్ని పాయింట్లూ మౌలికంగానే కనబడేవి. అలా అనకపోతే వాటి మీద ఏదో ఒకటి నిర్ణయించాల్సి వస్తుందని భయం.

తరువాత, ఇది ఏ జాతి ట్యూబు అన్న ప్రశ్న వచ్చింది. స్టోర్సు నియమావళిలో ట్యూబులు మూడే రకాలు. ట్యూబులైటు, బోరు ట్యూబు, సైకిల్ ట్యూబు. నాలుగో రకం చేర్చాలంటే పై కార్యాలయం నుంచి అనుమతి రావాలి. ఆ కార్యాలయం నుంచి అనుమతి వచ్చిందని చెప్పినవాళ్ళు మా సంస్థలో ఎవరూ లేరు.

"ఇవి వెలుగునా?" అని అడిగారు దక్షిణామూర్తి గారు.

"వెలగవండీ."

"నీరు తోడునా?"

"తోడవు."

"అయినచో సైకిల్ ట్యూబులు," అని తేల్చి, నన్ను రాసుకోమన్నారు. నేను రాసుకున్నాను.

ఇందుమతి నవ్వింది. ఆయన పరాచికాలాడుతున్నారనుకుంది. ఆవిడ మా సంస్థలో పద్నాలుగేళ్ళ నుంచి ఉన్నా, సైన్సు వైపే ఉండిపోయింది పాపం.

*

సైకిల్ ట్యూబుకి నియమం స్పష్టంగా ఉంది. బేసిన్లో నీళ్ళు పోసి, అందులో ముంచి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. మర్నాడు వాహనాల సెక్షన్ నుంచి ఎర్రయ్య అనే మెకానిక్కు, వాడుకలో బాగా సొట్టలు పడ్డ బేసిన్‌తో ప్రయోగశాలకి వచ్చాడు.

"మూర్తిగారూ, ఇది ఎగిరితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు ఫాన్ ఆపండి!" అంది ఇందుమతి. అందరికీ ముక్కుకి గుడ్డలు ఇచ్చింది. సీసాలోంచి చెంచా చివర చిటికెడు తీసి, ప్రాణం పోతున్నట్టు మొహం పెట్టి, నీళ్ళలో వేసింది. నల్లటి పొర ఒకటి నీటి మీద తేలింది. నలుగురం బేసిన్ మీదికి వంగి చూశాం.

"బుడగల్లేవు బాబూ," అన్నాడు ఎర్రయ్య.

"బాగా చూడవోయ్."

"సూత్తన్నాను కదండీ. ట్యూబే కనబడకపోతే బుడగేటి కనబడద్ది?"

"పంక్చర్లు లేవు," అని నాకు చెప్పారు దక్షిణామూర్తి గారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని ఇందుమతి నిజం చెప్పే అలవాటున్న మనిషి.

"వీటికి పంక్చర్ ఏంటండీ, చాలా వాటికి అసలు చివర్లే మూసి ఉండవు," అంది.

దక్షిణామూర్తి గారు నా కలం పట్టుకుని ఆపారు.

"అనగా, సరఫరాదారు చివరలు తెరచి ఉన్న ట్యూబులను అంటగట్టెను."

"అంటగట్టడం కాదు మూర్తిగారూ, అవి అలాగే ఉంటాయి!"

"అలాగే ఉండునని తాము స్వయంగా చూచితిరా?"

"చూశానండీ. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో."

దక్షిణామూర్తి గారి మొహంలో మొదటిసారి ఒక బాధ కనబడింది. నియమావళిలో 'తనిఖీ అధికారి స్వయముగా తన కంటితో చూచి' అని ఉంది. కంటితో అని మాత్రమే ఉంది. ఆ వాక్యం తెలుగు చేసింది మా పూర్వపు అనువాదకులు. ఆ రోజుల్లో కంటికి కనబడని వస్తువుల్ని ఎవరూ కొనేవారు కాదు.

"యంత్రముతో చూచుట కంటితో చూచుట కాదు," అన్నారాయన.

ఇందుమతికి ఒళ్ళు మండింది. "మీరు కళ్ళజోడు పెట్టుకుని కదండీ చూస్తున్నారు? అదీ అద్దమే, ఇదీ అద్దమే. మీ కళ్ళజోడు కంటికి ఒప్పితే నా మైక్రోస్కోపు ఎందుకొప్పదు?"

ఆవిడ కోపంలో అన్న మాట అది. దక్షిణామూర్తి గారు మాత్రం దాన్ని వాదనగా స్వీకరించారు. కుర్చీ లాక్కుని కూర్చుని, చాలాసేపు ఆలోచించారు. చివరికి లేచి, "డాక్టరమ్మగారి అభ్యంతరం సహేతుకమైనది," అన్నారు. నాకు తెలిసి ఆయన అంతకుముందు ఎవరి అభ్యంతరాన్నీ అలా ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. నేనే నోటీసు బోర్డుకి అంటించాను. సంస్థలో ఉన్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నేటి నుండి కళ్ళజోడుగా పరిగణించబడును.

*

దాని తరువాత జరిగినదానిలో ఎవరి తప్పూ లేదు. ఒక్కొక్కటీ ముందుదాన్నించి సహజంగానే వచ్చింది.

కళ్ళజోడు సొంత వాడకపు వస్తువు. ఒకరి కళ్ళజోడు మరొకరు పెట్టుకోరాదని వైద్య నియమాల్లో ఉంది. కాబట్టి మైక్రోస్కోపు ఎవరో ఒకరి పేరు మీదే ఉండాలి. తనిఖీ చేసేది దక్షిణామూర్తి గారు కాబట్టి ఆయన పేరు మీద పెట్టారు. గది నిండా ఉండే ఆ యంత్రం తలుపుకి "శ్రీ పేరి దక్షిణామూర్తి గారి కళ్ళద్దాలు" అని బోర్డు వెలిసింది. పరిశోధన కోసం దాన్ని వాడుకునే శాస్త్రవేత్తలంతా ఆయన గది ముందు నిలబడి, "సార్, తమ కళ్ళద్దాలు ఒక్క గంట ఇప్పించండి," అని బతిమాలుకోవలసి వచ్చింది. ఆయన ఇచ్చేవారు కాదు. చూపు పాడవుతుందని వాళ్ళ మంచికే చెప్పేవారు.

కళ్ళజోడు ఇవ్వాలంటే కంటి డాక్టరు చీటీ కావాలి. దక్షిణామూర్తి గారు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళారు. తోడు నన్ను తీసుకెళ్ళారు. డాక్టరు చిన్నవాడు, ఓపికగలవాడు. గోడ మీది అక్షరాలన్నీ చదివించాడు.

"చూపు బాగానే ఉందండీ. మీకేం కనబడటం లేదు?"

"నానోట్యూబులు."

డాక్టరు కలం మూత పెట్టేసి, "నాక్కూడా కనబడవండీ," అన్నాడు.

"అయినచో తమకును ఈ వ్యాధి ఉన్నది. ఆ మాటే వ్రాయవలసిందిగా కోరతాను," అన్నారు దక్షిణామూర్తి గారు. బయట బారు పెద్దదిగా ఉండటం వల్ల డాక్టరు రాసిచ్చేశాడు.

అన్నీ సక్రమంగా కుదిరాక, ఒక శుక్రవారం ఉదయం దక్షిణామూర్తి గారు తన కళ్ళద్దాల గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. ఇందుమతి చిటికెడు పొడిని యంత్రంలో పెట్టి, మీటలు తిప్పింది. తెర మీద బూడిద రంగు మసక కనబడింది. అది మెల్లగా తేరుకుంది. చిక్కుపడ్డ సేమ్యాలాగ, ఒకదాని మీద ఒకటి పెనవేసుకున్న సన్నని తీగలు తెర నిండా కనబడ్డాయి.

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఇవన్నీ... నిజంగానే ఉన్నాయమ్మా," అన్నారు. ఆయన నోట మామూలు తెలుగు నేను విన్నది అదే మొదటిసారి.

"ఉన్నాయండీ," అంది ఇందుమతి. ఆ మాటతో ఆవిడ కోపం కూడా కొంత చల్లారింది. "వీటిల్లో ఒక్కొక్కటీ రెండు పొరలకీ అటో చెయ్యి ఇటో చెయ్యి వేసి పట్టుకుంటుంది. అందుకే స్ట్రెచరు విచ్చుకోదు."

ఆయన చాలాసేపు చూశారు. చాక్‌పీస్ తీసుకుని తెర మీద ఒక్కొక్క తీగకీ నంబరు వేయబోతే ఇందుమతి ఆపింది. ఆయన లేచి, చేతులు తుడుచుకుని, మళ్ళీ స్టోర్సు అధికారి అయిపోయారు.

"సీసాలో మిగిలినవి చూచితిని. సంతోషం. వాడకమునకు ఇచ్చిన తక్కిన ట్యూబులు ఎక్కడ?"

"స్ట్రెచర్లో ఉన్నాయి."

"అవి కూడా చూడవలెను. టైరులో ఉన్న ట్యూబును చూడవలెనన్న టైరు విప్పవలెను కదా. పొరలు విప్పించండి."

*

ఆ సరికి వానలు పట్టాయి. రాజులమ్మ ముగ్గురు మగవాళ్ళని వెంటబెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. అప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్ళింది. గేటు కాపలాదారు సింహాచలం ఆమెకి ప్రతిసారీ "తనిఖీ అవుతోందమ్మా" అని చెప్పి కుర్చీ వేసేవాడు. ఈసారి ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"కిల్లో గాసమ్మకి నెలలు నిండిపోనాయమ్మా," అంది ఇందుమతితో. "కాళ్ళు బాగా వాసిపోనాయి. ముందే ఆసుపత్రిలో సేర్పించీమని నర్సమ్మ సెప్పింది. వాగు పొంగితే డోలీతో దాటలేం. తడిసిన దుప్పటి జారిపోద్ది. మొన్న జారిపోనాది కూడాను."

ఇందుమతి ఆమె చెయ్యి పట్టుకుని వర్క్‌షాపులోకి తీసుకొచ్చింది.

అక్కడ స్ట్రెచర్ని బల్ల మీద పడుకోబెట్టారు. కోయడానికి వీల్లేదు, అది ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేయడం అవుతుంది. పొరలు విప్పడం మాత్రం తనిఖీ అవుతుంది. ముందుగా, కొండ మీద విరిగిన పాత స్ట్రెచర్ని నమూనాగా తెచ్చి దాని అంచున ఉలి పెట్టి కొట్టారు. ఒక్క దెబ్బకి పుస్తకంలా విచ్చుకుంది. డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. తరువాత కొత్తదాని అంచున ఉలి పెట్టారు. ఉలి అంచు విరిగింది. ఇంకో ఉలి తెచ్చారు, అదీ విరిగింది. సుత్తి తిరగేసి కొట్టిన ఎర్రయ్య మోచెయ్యి పట్టుకుని పక్కకి కూర్చున్నాడు.

"వేడి నీళ్ళలో నానబెట్టిన యెడల?" అన్నారు డైరెక్టర్ గారు. కాంటీన్ వాళ్ళ పెద్ద గుండిగ తెప్పించి నానబెట్టారు. స్ట్రెచరు శుభ్రపడింది.

చివరికి దక్షిణామూర్తి గారే ఉపాయం చెప్పారు. పై పొరకి ఒక ఇనప కొక్కెం, కింది పొరకి ఒక ఇనప కొక్కెం అతికించి, చెరో వైపూ జీపు కట్టి లాగాలి. ఇందుమతి ఆ మాట విని అదోలా చూసింది.

"మూర్తిగారూ, సరిగ్గా ఈ పరీక్షకే నేను రెండేళ్ళ కిందట అనుమతి అడిగాను. జీపులు ఇవ్వలేమన్నారు."

"అది పరీక్ష. దానికి జీపులు లేవు. ఇది తనిఖీ."

జీపులు వచ్చాయి. వాన సన్నగా పడుతోంది. డైరెక్టర్ గారు గొడుగు కింద నిలబడి, ఇది సంస్థ చరిత్రలో ఒక ఘట్టమని నన్ను రాసుకోమన్నారు. సంస్థ మొత్తం వరండాల్లోకి వచ్చింది. నడుమ స్ట్రెచరు గాలిలో వేలాడుతోంది. జీపులు రెండూ గుర్రుమన్నాయి.

రాజులమ్మ ఇందుమతి భుజం పట్టుకుంది. "ఆళ్ళు దాన్ని ఇరగ్గొట్టేత్తన్నారేటమ్మా?"

"లేదు," అంది ఇందుమతి. "చూస్తున్నారు."

 పొరలు విడిపోతే ఆవిడ ఏళ్ళ పని పోతుంది. గాసమ్మ తడిసిన దుప్పటిలోనే దిగాలి. అందరికంటే ఆవిడకే తెలుసు, అతికించిన చోట ఎంత బలంగా లాగుతున్నారో.

టక్‌మని పెద్ద చప్పుడైంది. ఒక జీపు ముందుకి దూకి జీడిచెట్టుకి గుద్దుకుంది. దాని వెనక బంపరు ఊడి, తాడుకి వేలాడుతూ ఉండిపోయింది. స్ట్రెచరు నేల మీద పడి, ఒకసారి ఎగిరి, ఊరుకుంది. ఇందుమతి వానలో పరిగెత్తింది. మోకాళ్ళ మీద కూర్చుని అంచు పొడవునా వేలితో తడిమింది. ఎక్కడా పొర లేవలేదు. ఆవిడ అలాగే కూర్చుని ఏడ్చింది. రాజులమ్మ కొంగుతో ఆవిడ మొహం తుడిస్తే కొంగంతా మసి అయింది.

*

వరండాలో కమిటీ సమావేశమైంది. దక్షిణామూర్తి గారు తడిసిపోయి ఉన్నారు. చొక్కా చేతులు మాత్రం అప్పుడూ మడవలేదు.

"పొరలు విప్పుటలో సంస్థ విఫలమైనది," అన్నారు. "లోపల ఉన్నట్టు చెప్పబడుచున్న ట్యూబులను చూచుట సాధ్యపడలేదు. చూడని వస్తువును ఉన్నట్టు ధ్రువీకరించలేను."

"అయితే ట్యూబులు లేవని రాయాలా?" అని అడిగాను.

"లేవు. ట్యూబులు లేనియెడల, ట్యూబులతో చేసిన స్ట్రెచరు ఎట్లుండును? అదియును లేదు."

"చాలా మౌలికమైన పాయింటు," అన్నారు డైరెక్టర్ గారు. ఆయన చూపు జీపు బంపరు మీదే ఉంది.

మెట్ల కింద నిలబడి ఇదంతా విన్న రాజులమ్మ రెండడుగులు ముందుకి వేసింది. "బాబూ, నాకు సదువు తక్కువ. ఒక్కమాట సెప్పండి. ఆ మోసే బల్ల ఉన్నట్టా, లేనట్టా?"

"నియమావళి ప్రకారం లేనట్టేనమ్మా."

"మరి ఆడ వానలో పడున్నదేటి?"

దక్షిణామూర్తి గారు అటు చూశారు. నల్లగా తడిసి మెరుస్తున్న స్ట్రెచరు పక్కన ఇందుమతి ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. ఆయన కళ్ళజోడు తీసి, తడిసిన అద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. 

"అక్కడ," అన్నారు చివరికి, "నాకు తెలిసినంతవరకూ ఏమియును లేదు."

"లేందాన్ని మేం అట్టుకుపోతే మీకేటైనా పోద్దా?"

"లేనిది పోవుటకు అవకాశం లేదు. అట్టి నియమం లేదు."

రాజులమ్మ వెనక్కి తిరిగి తన వాళ్ళకి సైగ చేసింది. వాళ్ళు ముగ్గురూ, ఆమే, నాలుగు మూలలా స్ట్రెచర్ని పట్టుకుని లేపారు. అది అంత తేలిగ్గా లేస్తుందనుకోలేదేమో, ఒకడు తూలాడు. గేటు వైపు నడిచారు. సింహాచలం దారికి అడ్డంగా వచ్చి, గేట్ పాస్ ఏదని అడిగాడు. వాడి ఉద్యోగం వాడిది.

దక్షిణామూర్తి గారు వరండాలోంచే కేకేశారు. "సింహాచలం! ఏ వస్తువుకి గేట్ పాస్ అడుగుచున్నావు?"

సింహాచలం స్ట్రెచర్ని చూశాడు. ఆయన్ని చూశాడు. మళ్ళీ స్ట్రెచర్ని చూశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసున్న మనిషి.

"ఏదీ లేదండి బాబూ," అన్నాడు. "నలుగురు మడుసులు చేతులు బిగించుకుని నడిసెల్తన్నారంతే."

"అయినచో గేటు తెరువుము."

గేటు తెరుచుకుంది. దక్షిణామూర్తి గారు వాళ్ళు రోడ్డెక్కేదాకా చూడలేదు. మా వైపు వీపు పెట్టి, గోడకున్న తనిఖీ నియమాల పటాన్ని చదువుతూ నిలబడ్డారు. అది తలకిందులుగా తగిలించి ఉందని తరువాత గమనించాను.

*

గాసమ్మని ఆ మర్నాడే దింపారు. వాగు నడుములోతు పారుతోందట. స్ట్రెచర్ని భుజాల మీద పెట్టుకుని దాటారట. రెండో వాగు దగ్గర ఒకడి కాలు జారి, స్ట్రెచరు వెళ్ళి బండకి గట్టిగా తగిలింది.  స్ట్రెచరుకి మాత్రం ఏమీ కాలేదు. గాసమ్మ దాని మీంచి "ఏటైనాది?" అని అడిగిందట. ఆసుపత్రికి చేరిన మూడో రోజున ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు.

మా సంస్థలో సంగతులు కూడా బాగానే సర్దుకున్నాయి. ఇన్ని విలువైన వస్తువులున్న సంస్థలో ఆ ఏడాది ఒక్క వస్తువు కూడా పోలేదని డైరెక్టర్ గారు వార్షిక సభలో ప్రకటించి, దక్షిణామూర్తి గారికి శాలువా కప్పారు. ఆయన శాలువా అంచు తిరగేసి చూసుకుని కూర్చున్నారు. ఇక ఇందుమతి ప్రాజెక్టు లేని వస్తువు మీద జరిగిన పని కాబట్టి దాన్ని మూసేయడానికి వీల్లేదని తేలింది. మూసేయాలంటే ముందు ఉండాలి. అందువల్ల ఆవిడ గది తాళాలు ఎవరూ అడగలేదు. తనిఖీకి కూడా ఎవరూ వెళ్ళలేదు. మిగిలిన సగం సీసా ఆవిడ దగ్గరే ఉండిపోయింది. దక్షిణామూర్తి గారు మాత్రం ఎప్పుడైనా మధ్యాహ్నం పూట ఆ గదికి వెళ్ళి, "మా కళ్ళద్దాలు ఒకసారి వేయించండమ్మా, చూడాలనిపించింది," అని అడిగి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని యంత్రం గదికి వెళ్ళి, తెర ముందు కాసేపు కూర్చుని వచ్చేవారు.

ఒకరోజు నేను అక్కడే ఉండగా రాజులమ్మ ఫోన్ చేసింది. ఇందుమతి చేతులు జిగురుగా ఉండటం వల్ల ఫోన్ స్పీకర్లో పెట్టింది.

"అమ్మా, మా బల్ల సూసి పై ఊళ్ళోళ్ళు కూడా అడుగుతున్నారు. అటువంటి లేని బల్లలు మరేటైనా ఉంటాయేటమ్మా మీ కాడ?"

ఇందుమతి వేడి పెట్టె తలుపు తీసి లోపలికి తొంగి చూసింది.

"ఉండవు రాజులమ్మా," అంది. "ఎన్ని కావాలి?"